పాలమూరు రిహాబ్ వార్డులో ఆ ఎండాకాలం

2018 ఎండాకాలంలో పాలమూరు జనం నోట ఒకటే ముచ్చట: పిల్లలమర్రికి సెలైన్ పెట్టిండ్రట. ఏడొందల ఏళ్ల చెట్టు అది. మూడెకరాల దాకా ఊడలు దించుకొని పరుచుకున్న చెట్టు. చెదలు పట్టి, అంతకుముందు డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే జనాన్ని లోపలికి పోనివ్వడం ఆపేశారు. చెదల మందు నీళ్లలో కలిపి, సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మకొమ్మకూ వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువుకు వంగిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టి ఆనించారు. ఆ ఫొటోలు వచ్చిన పేపర్‌ను మా అక్క నా మంచం పక్కన నిలబడి చదివి వినిపించింది. పేపర్ పట్టుకునే బలం అప్పుడు నా చేతుల్లో లేదు.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. అప్పట్లో నాది ఎక్కువగా నారాయణపేట రూటు. పొద్దున చీకటితో లేచి, పిల్లలకు డబ్బాలు కట్టి, డిపోలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్ తీసుకొని బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రికే. జ్వరం వచ్చినా డ్యూటీ మానేదాన్ని కాదు.

ఆ ఏడు శివరాత్రి పోయాక నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి, నేనూ మర్చిపోయాను. రెండు వారాలు తిరిగేసరికి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒకరోజు నారాయణపేట బస్టాండులో బస్సెక్కబోతే కాలు ఫుట్‌బోర్డు మీదికి లేవలేదు. డ్రైవరన్న చెయ్యిచ్చి పైకి లాగాడు. మర్నాటికి తొడలు, ఆ మర్నాటికి నడుము, తర్వాత చేతులు. తార్నాకలో మా ఆర్టీసీ ఆసుపత్రి డాక్టరు మోకాలి కింద సుత్తితో తట్టి చూశాడు. కాలు ఎగరలేదు. ఆయన ముఖం మారిపోయింది, గంటలోనే అంబులెన్స్ ఎక్కించారు.

జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. కడుపులో చేరిన క్రిమి మీదికి లేచిన మన రోగనిరోధక శక్తే, క్రిమి పోయాక కూడా ఆగకుండా మన నరాల మీద పడుతుంది. 1916లో ఫ్రాన్స్ డాక్టర్లు సైనికుల్లో దీన్ని గుర్తించి రాశారట, వాళ్ల పేరే దీనికి పెట్టారు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. 2025 మొదట్లో పుణెలో ఒక్కసారే చాలామందికి వచ్చినప్పుడు ఈ పేరు మన టీవీల్లోనూ మోగింది. నాకు వచ్చినప్పుడు మాత్రం మా బంధువుల్లో ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ పక్షవాతం అనే అన్నారు.

ఐసీయూ గురించి ఎక్కువ రాయను. బరువును బట్టి లెక్కగట్టి ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు, గొంతుకు రంధ్రం చేశారు. తెలివి పూర్తిగా ఉంది. అన్నీ వినిపిస్తాయి, కనురెప్ప తప్ప ఏదీ కదలదు. ఆ రోజులు ఇప్పటికీ కలలోకి వస్తాయి. అవి అక్కడే ఉండనీ.

వెంటిలేటర్ తీసేశాక ఆ పెద్దాసుపత్రిలో ఒక మాట చెప్పి పంపించారు. “గండం గడిచింది, ఇంటికి తీసుకుపోండి, మెల్లగా అదే వస్తుంది.” మా ఆయన చేతిలో పెట్టిన కాగితంలో గోలీల పేర్లే ఉన్నాయి. గొంతులో గొట్టం ఉన్న మనిషికి తిండి ఎలా పెట్టాలి, ఎటు తిప్పి పడుకోబెట్టాలి, కాళ్లు చేతులు ఎలా కదిలించాలి, ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చాక వారం తిరగకముందే నడుము కింద పుండు పడింది. చూడవచ్చిన వాళ్లలో ఒకరు పావురం నెత్తురు రాయమన్నారు, ఒకరు చెట్ల మందు తెచ్చారు, ఇంకొకరు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. అందరివీ ప్రేమతో చెప్పిన మాటలే. నేను నోరు విప్పలేను కాబట్టి అన్నీ విన్నాను. చివరికి డిపోలో మా ఆయనకు తెలిసిన మెకానిక్ ఒకతను, తన తమ్ముడు యాక్సిడెంట్ తర్వాత ఉన్న చోటు చెప్పాడు. మా ఊళ్లోనే, మూడో అంతస్తులో చిన్న రిహాబ్ వార్డు, అంటే పడిపోయిన మనిషికి మళ్లీ తన పనులు తాను చేసుకోవడం నేర్పే చోటు. నేను ఎన్నో ఏళ్లుగా దాని కింది రోడ్డు మీదుగానే డ్యూటీకి పోతున్నాను, అలాంటిది ఒకటుందని తెలియదు.

ఆరు మంచాలు, మధ్యలో పెద్ద హాలు. హాలు నిండా సామాను. పొడుగ్గా రెండు ఇనుప కడ్డీలు, గోడకు అద్దం, ఒక మూల మెత్తటి పరుపులు, కిటికీ పక్కన బెల్టులు వేలాడే బల్ల. మొదటిరోజు స్ట్రెచర్ మీద పడుకొని చూస్తే అది ఆసుపత్రిలా అనిపించలేదు. ఫిజియో మేడం వచ్చి నా పక్కన స్టూల్ వేసుకొని కూర్చుంది. జడ్చర్ల అమ్మాయి, నాకంటే పదేళ్లు చిన్నది. కాళ్ల వేళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో కీలూ పట్టి చూసి కాగితం మీద అంకెలు రాసుకుంది. తర్వాత అడిగింది, “అక్కా, నీకు ముందుగాల ఏం గావాలె? నడకనా, మాటనా, చెయ్యా?” అప్పటిదాకా ఏ డాక్టరూ నన్ను ఏం కావాలని అడగలేదు. గొట్టం వల్ల గొంతు రాదు. పెదవులు కదిపితే చదువుకుంది. మాట, అన్నాను.

పుండు మానడమే మొదటి పని అయింది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, గాలి పరుపు, మడమల కింద దిండ్లు. రాత్రి ఆయమ్మ గడియారం చూసుకుంటూ వచ్చి మా అక్కతో కలిసి నన్ను తిప్పేది. ఎంత నిద్రలో ఉన్నా “బిడ్డా, ఇగ ఈ పక్కకు” అని చెప్పకుండా మాత్రం ఎప్పుడూ తిప్పలేదు. వస్తువును జరిపినట్టు జరపకుండా చెప్పి తిప్పడం ఎంత పెద్ద సంగతో, అలా పడి ఉన్న వాళ్లకే తెలుస్తుంది.

ఇక ఆ బెల్టుల బల్ల. దాన్ని టిల్ట్ టేబుల్ అంటారు. దాని మీద పడుకోబెట్టి మోకాళ్లకు, తొడలకు, ఛాతీకి బెల్టులు బిగించి, బల్లను కొద్దికొద్దిగా పైకి లేపుతారు. చాలా రోజులు పడుకునే ఉన్న ఒంటికి నిలబడ్డప్పుడు నెత్తురును పైకి పంపే అలవాటు తప్పుతుంది, అందులోనూ ఈ జబ్బులో బీపీ నడిపే నరాలూ దెబ్బతింటాయి. ఒక్కసారిగా లేపితే స్పృహ తప్పుతుంది. ముప్పై డిగ్రీలకే నా కళ్ల ముందు నల్లటి మచ్చలు. ఫిజియో మేడం ఒక చెయ్యి బీపీ మిషన్ మీద, ఒక చెయ్యి నా భుజం మీద పెట్టి, “కండ్లు తిరుగుతున్నయా? నీకు చెప్పకుంట ఒక్క ఇంచు గూడ లేపను” అనేది. దించేది. మళ్లీ లేపేది. పొట్టకు బెల్టు చుట్టి, కాళ్లకు మేజోళ్లు వేసి మళ్లీ. ఒక సాయంత్రం అరవై డిగ్రీల దాకా లేచాను. అప్పుడు కిటికీ అంచు మీదుగా కింద రోడ్డు కనపడింది. మా డిపో పల్లెవెలుగు ఒకటి సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. పై నుంచి బస్సు కప్పు, దాని మీద ఎవరో కట్టిన గడ్డపారలు, మూటలు. అన్ని వారాల తర్వాత నిలువుగా చూసిన లోకం అది. నాకు ఏడుపొచ్చింది, ఫిజియో మేడం బీపీ పడిపోయిందేమోనని కంగారు పడింది.

గొట్టం మూసే ముందు మింగడం నేర్పారు. నీళ్లు తాగడం తేలిక, గట్టి తిండి కష్టం అనుకుంటాం. బలం తగ్గిన గొంతుకు సంగతి వేరు. పలుచటి నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. చిక్కటిదైతే మెల్లగా దిగుతుంది. అందుకే మంచినీళ్లకంటే ముందు నా నోటికి వచ్చింది మామిడిపండు గుజ్జు. మా ఆయన కొల్లాపూర్ మామిడిపళ్లు తెచ్చాడు, అక్క పీచు లేకుండా పిండింది. గడ్డం ఛాతీకి ఆనించి, అర చెంచా, మింగి, దగ్గి, మళ్లీ మింగి. ముక్కు గొట్టంలోంచి పోసిన తిండి తప్ప రుచి లేని నాలుకకు ఆ అర చెంచా చాలింది. ఇప్పటికీ సీజన్‌లో మొదటి పండు తింటే ఆ హాలు, ఆ ఫ్యాను చప్పుడు గుర్తొస్తాయి.

గొంతు వచ్చాక ఊపిరి పెంచే పని. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, గొట్టంతో పీలిస్తే బంతులు లేవాలి. మొదట ఒక్కటీ లేవలేదు. దాంతో పాటు ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నారు. అంకెలు నాకు విసుగు. “స్టాపుల పేర్లు చెప్తా” అన్నాను. “మన్యంకొండ, దేవరకద్ర...” అక్కడికే ఊపిరి అయిపోయింది. కొన్నాళ్లకు మరికల్ దాకా వచ్చాను. ధన్వాడ దాటడానికి చాలా పట్టింది. నారాయణపేట అన్న రోజు వార్డులో ఉన్నవాళ్లంతా “రైట్ రైట్” అని అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది కోస్గి పెద్దనాయిన.

ఆయన గురించి చెప్పాలి. ఎదురు గదిలో మంచం. వయసు అరవై దాటింది. పదిహేనేళ్ల వయసు నుంచి ముంబై పనులకు పోయినవాడు. పాలమూరు లేబర్ చెయ్యి పడని డ్యామూ కాలువా ఈ దేశంలో తక్కువ. మా తాతలూ అలా పోయినవాళ్లే. పెద్దనాయిన సెంట్రింగ్ మీద నుంచి పడి వెన్ను విరిగింది, నడుము కింద స్పర్శ లేదు. ఇక నడక రాదని ఆయనకు తెలుసు. అయినా పొద్దున అందరికంటే ముందు హాల్లోకి వచ్చేవాడు. మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి చెక్క మీదుగా జరగడం, కుర్చీలో కూర్చున్నంతసేపూ మధ్యమధ్య రెండు చేతుల మీద ఒంటిని పైకి లేపడం ఆయన పని. లేపకపోతే పుండ్లు పడతాయి. తాను లేచినప్పుడల్లా అందరినీ కేకేసేవాడు, “ఓ కండక్టరమ్మా, ఒత్తిగిలు! ఓ సారూ, లేవుండ్రి!” నర్సులు మర్చిపోయినా ఆయన మర్చిపోయేవాడు కాదు. ఒకరోజు నాతో అన్నాడు, “ముంబైల ముప్పై అంతస్తులు కట్టిన బిడ్డా. మా ఇంటికేమో గడప మీద రెండు మెట్లున్నయ్. గవి తీపిచ్చి జారుడు కట్టించుమని కొడుక్కు ఫోన్ చేసిన.” కొడుకు ఆ వారమే కట్టించాడు. ఆ సంగతి వార్డంతా తిరిగి చెప్పుకున్నాడు.

నాకు కాళ్లకంటే చేతులదే ఎక్కువ బెంగ. కండక్టర్‌కి చేతి వేళ్లే బతుకు. నా వేళ్లు వంగడం మొదలైనా వాటికి ఏదీ తెలిసేది కాదు. పిండి ముద్ద పిసకడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం, పెసలలోంచి కందిపప్పు ఏరడం, ఇవన్నీ చేయించారు. ఒకనాడు ఫిజియో మేడం మా ఆయనతో, “అన్నా, అక్క డ్యూటీ బ్యాగు ఇంట్లున్నదా?” అంది. తెచ్చాడు. నల్లటి తోలు సంచి, పట్టీ దగ్గర నా చెమట మరకలు అట్లే ఉన్నాయి. అందులో చిల్లర పోసి, కళ్లు మూసుకొని ఐదు రూపాయల బిళ్ల తీయమంది.

ఇది చదివేవాళ్లలో కండక్టర్లుంటే తెలుస్తుంది. నడిచే బస్సులో, రద్దీలో, సంచిలోకి చూడకుండా ఐదేదో రెండేదో రూపాయేదో వేళ్లకే తెలుస్తుంది. మందం, అంచు, బరువు. కొత్త రూపాయి బిళ్లకూ రెండు రూపాయల బిళ్లకూ మధ్య తేడా కొత్తవాళ్లకు కళ్లతో చూసినా చటుక్కున తెలియదు, మాకు బొటనవేలు చాలు. ఆ రోజు నా చెయ్యి సంచిలో ఎటు తిరిగినా అన్నీ ఒకటే. చల్లగా ఉన్నాయన్న సంగతి కూడా అందలేదు. తీసిందల్లా రూపాయే. ఆమె ఏమీ అనలేదు. బిళ్లను నా అరచేతిలో పెట్టి, “ఇప్పుడు చూడు. చూసుకుంట దొర్లించు. కండ్లు ఏం చెప్తున్నయో వేలికి చెప్పు” అంది. చూస్తూ పదిసార్లు, మూసుకొని ఒకసారి. రోజూ ఇదే. స్పర్శ మళ్లీ నేర్పడానికి ఇదొక పద్ధతట, మెదడు మళ్లీ జత కలుపుకోవాలట. పగలు ఇది, రాత్రి ఆ సంచి దిండు పక్కనే. చాలా రోజులకు ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి చెమటలు కారుతున్నప్పుడు, వేలి కొసకు ఐదు రూపాయల బిళ్ల అంచు తగిలింది. అది ఐదే అని నాకు తెలుసు. తీసి చూడకుండానే తెలుసు. అక్కను పిలిచి చేతిలో పెట్టాను. అక్క దాన్ని ఖర్చు పెట్టకుండా దేవుడి అరలో పెట్టింది.

ఒక సంగతి అందరికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మన దగ్గర కష్టపడే మనిషికే మర్యాద. చూడవచ్చినవాళ్లు “ఇంక గట్టిగ చెయ్, బద్ధకం వద్దు” అనేవారు. మా అక్క కూడా సాయంత్రం ఇంకోసారి చేయిద్దామనేది. ఈ జబ్బులో అది పనికిరాదు. కోలుకుంటున్న నరాలు, కండరాలు అలిసిపోయే దాకా పని చేస్తే వెనక్కి పోతాయి. ఫిజియో మేడం పెట్టిన లెక్క ఇదీ: పొద్దున లేచేసరికి నిన్నటికంటే నీరసంగా ఉంటే నిన్న ఎక్కువ చేసినట్టే, ఇవాళ తగ్గించాలి. హాల్లో నా కోసం ఒక పరుపు వేసి ఉండేది. కొంచెం చేసి పడుకోవడం, మళ్లీ కొంచెం. ఆ పడుకోవడమూ వైద్యంలో భాగమేనని మా అక్కకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె ఒక పూట కూర్చుంది.

ఇంకోటి కూడా చెప్పింది. నరం మీది పొర మాత్రమే పోతే వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. లోపలి నరమే తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మా ఆయన ఇంటికి పోయి కొలత టేపు తెచ్చాడు. నా నడుము నుంచి బొటనవేలి దాకా కొలిచి, గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. లెక్క ఏళ్లలోకి పోయింది. నాకు వినపడకుండా గొణుక్కున్నాడుగానీ నాకు అర్థమైంది. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు. మర్నాడు మాత్రం ఎప్పట్లాగే టిఫిన్ డబ్బాతో వచ్చాడు.

రాత్రులు కష్టం. నరాలు తిరిగి వచ్చేటప్పుడు మంటలు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేం. అప్పుడు ఆయమ్మ వచ్చి కూర్చుని కురుమూర్తి జాతర ముచ్చట్లు చెప్పేది. ఉద్దాల ఉత్సవానికి చిన్నప్పుడు ఎడ్లబండ్ల మీద పోయింది, కొండ మెట్ల దగ్గర తప్పిపోయింది, ఎవరో కొనిచ్చిన చిలకల దండ మెడలో వేసుకొని ఏడ్చింది. ఒకే కథ చాలాసార్లు చెప్పింది. నేను ప్రతిసారీ కొత్తగానే విన్నాను.

కడ్డీల మధ్య మొదటి అడుగు గురించి అందరూ అడుగుతారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఇద్దరు పట్టుకుంటే ఒక కాలు ముందుకు జరిగింది, అంతే. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ వేశారు. నాకు గుర్తుండిపోయింది కట్టె మెట్టు. నేను నడక పట్టుకున్నాక ఫిజియో మేడం అడిగింది, “అక్కా, బస్సు మెట్టు ఎంత ఎత్తుంటది?” మామూలు ఇంటి మెట్టు ఎక్కడం వస్తే నాకు సరిపోదని ఆమెకే తట్టింది. మా డ్రైవరన్న డిపోలో పల్లెవెలుగు ఫుట్‌బోర్డు కొలిచి ఫోన్లో చెప్పాడు. వడ్రంగి ఆయనతో సరిగ్గా అంత ఎత్తు కట్టె మెట్టు చేయించింది, పక్కన పట్టుకోవడానికి బస్సులో ఉన్నట్టే నిలువు కడ్డీ కూడా. దాని మీద ఎక్కి దిగి, ఎక్కి దిగి. తర్వాత మడత పరుపు మీద నిలబెట్టి, కళ్లు మూయించి, భుజాన్ని మెల్లగా నెట్టేది. పాదాలకు నేల తెలియకపోతే కళ్లే ఆసరా. చీకట్లో పడిపోతాం. కుదుపుల్లో టికెట్లు కొట్టాల్సిన మనిషిని ఆమె ఆ కుదుపులకే తయారు చేసింది.

ఖర్చుకు నా గాజులు పోయాయి, మా ఆయన బండి పోయింది. ఆ విషయంలో మాకు చింత లేదు. కానీ ఇలాంటి మంచం దొరకక, ఉందని తెలియక, మంచానికే అతుక్కుపోయిన వాళ్లు మా రూటులో ప్రతి ఊళ్లో ఉన్నారు. ప్రాణం దక్కింది చాలు అనుకొని ఇంట్లోనే వదిలేస్తారు. జిల్లాకో పెద్దాసుపత్రి ఉన్నట్టే, మండలానికి దగ్గరలో ఇలాంటి ఆరు మంచాల వార్డు ఒకటి ఉండాలని నేను ఎక్కడ అవకాశం వస్తే అక్కడ అంటూనే ఉంటాను.

వానలు పడ్డాక వాకర్ పట్టుకొని ఇంటికొచ్చాను. మరుసటి ఏడాది ఫిట్ సర్టిఫికెట్ వచ్చింది, డ్యూటీలో చేరాను. అక్టోబర్‌లో సమ్మె మొదలైంది, 52 రోజులు. అదంతా వేరే కథ. ఇప్పుడు ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సు నిండా ఆడవాళ్లే, జీరో టికెట్లు కొడుతూ ఈ చివర నుంచి ఆ చివరకు ఒరుసుకుంటూ పోతాను. ఎడమ పాదం వేళ్లు ఇంకా పూర్తిగా లేవవు. సాయంత్రానికి అరికాళ్లు మండుతాయి. ఆఫ్ రోజున మధ్యాహ్నం తప్పకుండా పడుకుంటాను.

కోస్గి పెద్దనాయిన ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కుర్చీలోనే కూర్చొని అమ్ముతాడు. పండగలకు ఫోన్ చేసి “ఒత్తిగిలుతున్నవా?” అని అడుగుతాడు. ఆయమ్మ పని మానేసి కూతురి దగ్గరికి పోయింది. మా వార్డు కరోనా ఏడాది మూతపడింది, ఇప్పుడు ఆ అంతస్తులో స్కానింగ్ సెంటర్ ఉంది. ఫిజియో మేడం జడ్చర్లలో సొంతంగా పెట్టుకుంది. ఇనుప కడ్డీలు, బల్ల, కట్టె మెట్టు, అన్నీ కొనుక్కొని పోయింది.

పోయిన ఎండాకాలం ధన్వాడలో ఒకతను భార్యను ఎత్తుకొని మా బస్సెక్కాడు. సీటు ఇప్పించి, ఏమైందని అడిగాను. ఆసుపత్రి కాగితం చూపించాడు. అదే జబ్బు పేరు. “మెల్లగా అదే వస్తది అన్నరక్కా” అన్నాడు. పాలమూరు బస్టాండ్ వచ్చేలోపు ఫిజియో మేడంకు ఫోన్ కలిపి అతని చేతికిచ్చాను. వాళ్లు ఆ రోజే జడ్చర్ల బస్సెక్కారు. ఆమె పత్తి చేల కూలీ, బస్సు మెట్టుతో ఆమెకు పని లేదు. అందుకని ఆమె కోసం ఫిజియో మేడం హాల్లో ఇసుక పోయించి దున్నిన నేలలా సాళ్లు తీయించింది. వాటి మీద నడిపిస్తోంది.